గుడి లేని మంద

పలుకుచెలువ! నీదు పాదము లంటెద
గుడియు లేని చోట కొలువు దీర్చి
తప్పు దిద్దువారి తప్పులు దిద్దవే
అక్షరాల తల్లి! యాదరించి.

అని ఆ తల్లికి మ్రొక్కి, ఒక్క అక్షరం నెత్తిన గుడి ఉన్నదా లేదా అన్న సంశయం వల్ల పద్నాలుగుమంది ఉన్న కుటుంబం ఒకటి ఊరు మారిన విధం చెప్పబూనుతున్నాను.

ఆనాటి ఉదయం ఎర్రపెన్సిలుగారి కార్యక్రమం చాలా చిన్నది. స్నానం, జపం, ఆరేళ్ళ చిన్న మనుమరాలి పలక దిద్దడం, ఆ తరువాత అద్దె ఇల్లు వెదకబోవడం. వారు ముప్పై ఎనిమిదేళ్ళు ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దారు. చెవి వెనుక ఎర్ర పెన్సిలు, ఆ పెన్సిలు వెనుక ఎవరినీ నమ్మని కన్ను. ఆ పేరు అచ్చుకూటం వారు పెట్టిందే. పదవీ విరమణ చేసినా పెన్సిలు విరమించలేదు. మందుసీసా మీది చీటీ, కొట్టు మీది బోర్డు, కోడళ్ళ సరుకుల జాబితా, ఏది కంటబడినా దానికి ఒక ఎర్ర గీత తప్పేది కాదు.

ఇల్లు వెదకవలసి రావడానికి మూలం కూడా ఆ పెన్సిలే. ఉన్న మేడను పడగొట్టి ఇంకా పెద్దది కట్టుకుంటామనీ, మూడు నెలలలో ఖాళీ చేయమనీ ఇంటి యజమాని నోటీసు పంపాడు. ఎర్రపెన్సిలుగారు అందులో ఏడు తప్పులు దిద్ది, అంచున "తిరిగి వ్రాసి పంపగలరు" అని చేర్చి యజమానికే పంపారు. ఆయన దానిని ధిక్కారంగా భావించి, మూడు నెలలను ఒక నెల చేశాడు. ఈసారి నోటీసులో తప్పులు లేవు.

పద్నాలుగుమందికి ఇల్లు దొరకడం అంత సులభం కాదు. దంపతులు ఇద్దరు, కొడుకులు ముగ్గురు, కోడళ్ళు ముగ్గురు, మనుమలు, మనుమరాళ్ళు కలిసి ఆరుగురు. లెక్క వినగానే ఇళ్ళవాళ్ళు గడపలోనే నమస్కారం పెట్టేవారు. "పద్నాలుగా! ఇది ఇల్లు బాబూ, రైల్వే స్టేషను కాదు" అన్నాడొకడు. చివరకు కొడుకులు ముగ్గురూ తల వంచుకుని తండ్రి ముందు నిలబడ్డారు.

"నాన్నా, లేతు మిషన్ల షెడ్డు పక్కన రెండు గదులున్నాయి. మేము అక్కడ సర్దుకుంటాం" అన్నాడు పెద్దవాడు, ఆ షెడ్డులో పనివాడు.

"బోర్డులు రాసే కొట్టు మీద ఒక గదుంది, మేము అక్కడికి..." అన్నాడు రెండవవాడు. మూడవవాడు నోరు తెరవబోయాడు.

"చాలు" అన్నారు ఎర్రపెన్సిలుగారు. "ముగ్గురికీ మూడు పొయ్యిలా? నేను బతికుండగా ఈ ఇంట్లో పొయ్యి ఒకటే. పద్నాలుగుమంది ఒకే కూర తిని, ఉప్పు ఎక్కువైందని ఒకే గొంతుతో తిట్టుకునే ఇల్లు ఈ ఊళ్ళో ఇంకోటి చూపించండి. చూపిస్తే మీ ఇష్టం."

ఎవరూ చూపలేదు. కాని నెలలో ఇరవై రోజులు గడిచిపోయాయి. ఆ కుటుంబం చీలకుండా నిలిచేందుకు ఇక పది రోజులు మిగిలాయి. సరిగ్గా ఆ ఉదయమే వార్తాపత్రికలో ఒక మూల చిన్న ప్రకటన వారి కంటబడింది.

"రెండెకరాల భూమి, బావి, ఆరు గదుల ఇల్లు పల్లెటూరిలో చౌకగా ఇవ్వబడును. మంద ఉన్నవారికే."

వారు రెండు మార్లు చదివారు. మూడవ మారు పెన్సిలు చెవి మీదినుంచి తనంత తానే దిగింది.

"ఏమే, విన్నావా! ఎవరో పుణ్యాత్ములు పెద్ద సంసారాలనే కోరి ఇల్లు ఇస్తున్నారు. పాపం, అచ్చుతప్పు పడింది. 'మంది ఉన్నవారికే' అని ఉండాలి. కంపోజరు గుడి మింగేశాడు" అని, 'మంద'లోని ద నెత్తిన ఎర్రగా, నిండుగా ఒక గుడి కట్టారు.

వారి భార్య నాలుగు తరగతులు చదివి, నలభై ఐదేళ్ళు సంసారం నడిపిన మనిషి. "ఉన్నది ఉన్నట్టు ఒకసారి చదవండి" అన్నది.

"తప్పును తప్పుగా చదవమంటావా? నా నోటంట రాదు" అని, వారు దిద్దినట్టే చదివారు.

వెంటనే కార్డు వ్రాశారు. "మీ ప్రకటన చూచితిని. మా మంది పదునాలుగు తలలు. ఇంత మంది ఒక్కచోట మెలగుట ఈ కాలమున అరుదని సగర్వముగా మనవి."

ఆ భూమి యజమానురాలు ఒక పంతులమ్మ. ముప్పై ఒక్క సంవత్సరాలు పల్లె బడిలో చదువు చెప్పి, పిల్లల కాగితాల మీద ఎర్ర సిరా ఖాళీ చేసిన మనిషి. భూమి సారం తగ్గిపోయింది. తన చేతులలో సత్తువ తగ్గిపోయింది. పశువుల మంద ఉన్నవారి చేతిలో పడితే పెంటతో భూమి మళ్ళీ కోలుకుంటుందని ఆమె ఆశ. ఇళ్ళస్థలాల కోసం వచ్చిన పెద్దమనుషులను నలుగురిని గేటు బయటినుంచే పంపించివేసింది. కార్డు చదివి, "పద్నాలుగు తలలు" అన్నచోట సంతోషించి, "మంది" అన్నచోట నొసలు ముడిచింది. ఎర్ర సిరా తీసి, రెండుచోట్లా గుడులు కొట్టివేసింది.

మూడవ రోజుకే బదులు వచ్చింది. "మీ కార్డులో రెండు అక్షర దోషములున్నవి. దిద్దుకొన్నాను. లేతవెన్ని? ముసలివెన్ని? పొడుచునవి ఉన్నచో ముందే తెలుపవలెను. ఊరిలో పిల్లలు చాలక బడి మూతబడినది; ఆ ఆవరణ కూడ మీకు పనికివచ్చును."

"నా కార్డులో దోషాలా!" అని ఎర్రపెన్సిలుగారు ఒక గడియ అన్నం ముట్టలేదు. తరువాత ఆమె బదులు మళ్ళీ చదువుకుని మెల్లగా నవ్వారు. "పరిహాసం! ఎంత చమత్కారం గల మనిషో చూడండి. మన సంసారాన్ని గోకులంతో పోల్చింది. లేతవి, ముసలివి, పొడిచేవి! దీన్ని రూపకాలంకారం అంటారు."

"బడి మూసేశారట కదా మామయ్యగారూ, పిల్లల చదువు?" అన్నది పెద్దకోడలు.

"నేను లేనా? రోజూ పలక దిద్దడం లేదా?" అన్నారు వారు.

అలంకారానికి అలంకారంతోనే బదులివ్వడం మర్యాద కనుక, వారు ఇట్లు వ్రాశారు. "లేతవి ఆరు. ముసలివి రెండు. మిగిలినవి కష్టించు వయసున నున్నవి. ఒకే కప్పు క్రింద పెరిగినవగుటచే విడదీసినచో బెంగపెట్టుకొనును. పెట్టినది తినును. ఒక్కటి మాత్రము కొంచెము పొడుచును. కాని మనసు మంచిది."

ఆ పొడిచేదాని మాట మాత్రం ఇంట్లో చదివి వినిపించలేదు. రెండవ కోడలు కుట్టుమిషను తొక్కుతూ మామగారి వంక అనుమానంగా చూసింది.

పంతులమ్మ కళ్ళు చెమర్చాయి. విడదీస్తే బెంగపెట్టుకొనే మంద! ఇంతటి దయగల ఆసామి భూమికి దొరుకుతాడా? "ఆదివారం మధ్యాహ్నానికి రండి. అన్నీ సిద్ధంగా ఉంటాయి" అని కబురు చేసింది.

ఆదివారం తెల్లవారి లారీ వచ్చింది. మంచాలు, బీరువాలు, కుట్టుమిషను, లేతు మిషను విడిభాగాలు, రంగు డబ్బాలు, నలుగురు మోసినా కదలని నిఘంటువుల పెట్టె, వీటన్నిటి మీద పద్నాలుగుమంది మనుషులు. కింద యజమాని పంపిన కూలీలు అప్పుడే గోడలకు గునపాలు వేస్తున్నారు. వెనుకకు తిరిగి చూడడానికి కూడా ఇల్లు మిగలలేదు. అయినా ఎర్రపెన్సిలుగారు డ్రైవరు పక్కన రాజువలె కూర్చున్నారు.

"ఎంతమందండీ మీరు?" అన్నాడు డ్రైవరు.

"పద్నాలుగు."

"అందరూ ఒక ఇంటికేనా?"

"ఒకే ఇంటికి, ఒకే పొయ్యికి" అని వారు మీసం సవరించుకున్నారు. దారి పొడుగునా డ్రైవరు అడగకపోయినా ఆ మాట మరి మూడుసార్లు చెప్పారు.

మధ్యాహ్నానికి లారీ మట్టిబాట దిగి, ఒక వెదురు గేటు ముందు ఆగింది. లోపల పొలం విశాలంగా, బావి నిండుగా, ఇల్లు దృఢంగా కనిపించాయి. గేటు దగ్గర ఊరి పెద్దలు పదిమంది నిలబడి ఉన్నారు. వారి ముందు తెల్లని నూలుచీర, వెండి అంచు కళ్ళజోడు ధరించిన పంతులమ్మ. ఆమె పక్కన పాలకేంద్రం మనిషి నాలుగు ఖాళీ క్యాన్లతో, పశువుల డాక్టరు చేతిలో పెద్ద సూదితో నిలుచున్నారు.

"ఎంత ఆదరణ! మన ఆరోగ్యం కోసం డాక్టరుని కూడా పిలిపించారు" అన్నారు ఎర్రపెన్సిలుగారు.

"ఆ సూది చూస్తే ఆరోగ్యం కోసంలా లేదు నాన్నా" అన్నాడు పెద్దకొడుకు.

పంతులమ్మ లారీ చుట్టూ తిరిగి చూసింది. "మంద వెనకాల లారీలో వస్తోందా?" అని అడిగింది.

"అందరం ఇందులోనే వచ్చామమ్మా. లెక్క చూసుకోండి. పద్నాలుగు" అన్నారు వారు, చేయి చాచి లారీ మీది సంసారాన్ని చూపుతూ.

డాక్టరు కాగితం తీసి చదువుకున్నాడు. "లేతవి ఆరు, ముసలివి రెండు... మరి ఈ పొడిచేది ఏది? ముందు దాన్ని కట్టెయ్యాలి."

ఎవరూ వేలు చూపలేదు. కాని పదమూడు జతల కళ్ళు, ఎంత ఆపుకున్నా ఆగక, రెండవ కోడలి వైపు తిరిగాయి.

"ఓహో! నేనా?" అన్నది ఆమె. "కార్డు మీద రాసి మరీ పంపారా మామయ్యగారూ?"

"మనసు మంచిదని కూడా రాశానమ్మా" అన్నారు వారు నీరసంగా.

అప్పటికి పిల్లలు లారీ దిగి ఇంట్లోకి పరుగెత్తారు. మరుక్షణంలో లోపలినుంచి కేరింతలు వినిపించాయి. ఆరు గదులలో రెండింటికి కప్పు అంటేటట్టు ఎండుగడ్డి నింపి ఉన్నది. వసారాలో వరుసగా పద్నాలుగు గుంజలు, గుంజకొక పలుపుతాడు, తాడుకొక గంట. బావి పక్కన పొడవైన నీళ్ళతొట్టి. పిల్లలు తలా ఒక గంట మెడలో వేసుకుని పొలమంతా పరుగులు తీయసాగారు. చప్పుడు వింటే మందే వచ్చిందనిపించేటట్టున్నది.

"ఇంతకీ నా ప్రకటనలో ఏముందో మీరు చదివారా?" అన్నది పంతులమ్మ.

వారు జేబులోనుంచి కత్తిరించిన ప్రకటన తీశారు. ఆమె తన సంచిలోనుంచి వారి కార్డు తీసింది. ఒకదానిమీద ఎర్ర పెన్సిలుతో కట్టిన గుడి. మరొకదానిమీద ఎర్ర సిరాతో కొట్టివేసిన గుడులు రెండు. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు. ఆ సూర్యకాంతిలో ఏది ఎక్కువ ఎర్రగా ఉన్నదో చెప్పడం కష్టం; కాగితమా, ముఖమా?

"నా రాతలో గుడి పెట్టడానికి మీరెవరండీ?"

"నేను కట్టిన గుడులు రెండూ కూలగొట్టడానికి మీరెవరమ్మా? గుడి కూల్చడం పాపం కాదూ?"

"గుడి లేని చోట గుడి కట్టడం ఆక్రమణ! మంద అంటే మందే. పశువులు. పెంట వేసేవి. నా నేల ఎండిపోయింది. దానికి ఎరువు కావాలి, మీ రూపకాలంకారాలు కాదు."

ఎర్రపెన్సిలుగారు ఉన్నది ఉన్నట్టు చదవమన్న భార్య వంక చూశారు. ఆమె 'నేను అనలేదా' అని అనలేదు. అననందువల్ల అది ఇంకా గట్టిగా వినిపించింది.

"మంద లేనివాళ్ళకి భూమి ఇవ్వను. ఊరు సాక్షి" అన్నది పంతులమ్మ.

"మరి సామాను దింపాలా, వద్దా? సాయంత్రానికి నాకింకో కిరాయి ఉంది" అన్నాడు డ్రైవరు.

పెద్దకొడుకు తమ్ముళ్ళను పక్కకు పిలిచాడు. "ఆ షెడ్డు పక్క గదులు ఇంకా ఖాళీయేనేమో..." అన్నాడు మెల్లగా. రెండవవాడు కొట్టుమీది గది సంగతి ఎత్తాడు. మూడవవాడు ఈసారి నోరు తెరిచి, తన మాట చెప్పాడు. మూడు పొయ్యిల మాట! అంత దూరాన ఉన్నా తండ్రికి స్పష్టంగా వినబడింది. లారీ పక్కన, అందరూ దిగేందుకు మెట్టుగా ముందే దింపిన నిఘంటువుల పెట్టె మీద ఆయన కూలబడిపోయారు. ఆ పెట్టెలో లేని మాట లేదు. ఒక్కటీ పనికిరాలేదు.

అంతలో మెడలో గంటతో చిన్న మనుమరాలు పరుగెత్తుకుంటూ వచ్చి, పంతులమ్మ కళ్ళజోడు, చేతిలోని ఎర్ర దిద్దుబాట్లు చూసి ఆమె చీర కొంగు పట్టుకుంది. ఇంట్లో దానిని పిడుగు అంటారు.

"నానమ్మా, కాదు... టీచరమ్మా, ఇక్కడ బోర్డుందా?"

పంతులమ్మ ఆ పిలుపుకు ఒక్క క్షణం తడబడింది. రెండేళ్ళుగా ఆమెను ఎవరూ అలా పిలువలేదు. అయినా కోపం కొంత మిగిలే ఉన్నది. "బోర్డెందుకే నీకు? మీ తాతగారు దిద్దుతారా? ఏదీ, ఇదిగో సుద్దముక్క. ఈ లారీ తలుపు మీద 'మంది' అని రాయి. ఇంత గొప్పవాళ్ళ మనవరాలివి, ఎలా రాస్తావో చూస్తాను."

పిడుగు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, గంట గణగణలాడుతుండగా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. 'మంద.'

ఊరు ఊరంతా చూసింది. ఎర్రపెన్సిలుగారు పెట్టె మీదినుంచి లేచారు. చేయి చెవి మీదికి పోయింది. పెన్సిలు వేళ్ళ మధ్యకు వచ్చింది. ఒక్క అడుగు వేశారు. అంతే, భార్య ఆ చేయి పట్టుకుంది.

"ఏమండీ, ఆ ఒక్కటీ వదిలెయ్యండి."

"తప్పే అది!"

"తప్పే. వదిలెయ్యండి."

పంతులమ్మ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "గుడి ఏదమ్మా?"

"గుడి నేను పెట్టను టీచరమ్మా. తాతయ్య పెడతారు. రోజూ ఆయనే పెట్టేస్తారు."

ఆ మాట ఎర్రపెన్సిలుగారి గుండెకు సూటిగా తగిలింది. లోకం తప్పులన్నీ దిద్దిన పెన్సిలు ఇంటి పిల్లకు ఒక్క గుడి నేర్పలేదు. నేర్చుకొనేందుకు సందియ్యనే లేదు. కాని పంతులమ్మ ముఖం చూస్తే, ఎండిన బావిలో ఊట పుట్టినట్టున్నది. దిద్దడం వృత్తిగా బ్రతికిన మనిషికి దిద్దవలసిన పిల్ల కనబడడం కన్న గొప్ప వరం లేదు.

"మిగతావాళ్ళు? ఎంతమంది పిల్లలు మీకు?" అన్నది ఆమె, 'మంది'ని గుడితో సహా పలుకుతూ.

"ఆరుగురు" అన్నది పెద్దకోడలు.

"ఊళ్ళో నలుగురున్నారు. పదిమంది లేరనే కదా బడి మూశారు!" పంతులమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది, రెండు చేతుల వేళ్ళూ సరిగ్గా సరిపోయాయి. ఆమె నిలబడి చీర దులుపుకుంది. "భూమి మీకే. షరతులున్నాయి. ఏటా రెండేసి ఆవుల్ని కొనాలి. నేలకి మాట ఇచ్చాను, తప్పడానికి వీల్లేదు. రెండోది, ఈ పిల్ల రాతలో ఆ పెన్సిలు పడకూడదు."

ఎర్రపెన్సిలుగారు పెన్సిలు తిరిగి చెవి మీద పెట్టుకున్నారు. అది వారి జీవితంలో అతి కష్టమైన పని. "మీ ప్రకటనలో అక్షర దోషం లేదు. నాదే పొరపాటు. ఒప్పుకుంటున్నాను" అన్నారు. ఒక క్షణం ఆగి, "కాకపోతే 'ఇవ్వబడును' అన్నారు చూశారూ, ఎవరిచేత ఇవ్వబడును..." అని మొదలుపెట్టారు.

"ఏమండీ!" అన్నది భార్య.

రెండవ కోడలు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, గోడకు ఆనించిన గడ్డికొంకి అందుకుంది. "పొడిచేదాన్ని నేనే గదా! జరగండి డాక్టరుగారూ, ముందు ఆ గదుల్లో గడ్డి పొడిచి బయటికి తోస్తాను. పొయ్యి వెయ్యడానికి చోటు కావాలి."

"ఎన్ని పొయ్యిలు?" అన్నాడు భర్త, తమ్ముడి ముఖం చూస్తూ.

"మీ నాన్నగారు వింటున్నారు. ఒకటి!"

సూర్యుడు వాలకముందే ఆ ఒక్క పొయ్యి వెలిగింది. డ్రైవరు కిరాయి సంగతి మరచి భోజనానికి కూర్చున్నాడు. పాలకేంద్రం మనిషి క్యాన్లతో నీళ్ళు మోశాడు. విస్తళ్ళు లెక్కపెడితే పద్నాలుగు దాటి ముప్పై అయ్యాయి. కూరలో ఉప్పు ఎక్కువైందని అందరూ ఒకే గొంతుతో అన్నారు. ఎర్రపెన్సిలుగారు ఆ గొంతు విని, తమ గెలుపును ఎవరికీ చెప్పకుండా, తల మాత్రం రెండంగుళాలు ఎత్తి తిన్నారు.

వారం తిరిగేసరికి రెండవ కొడుకు గేటుకు ఒక బోర్డు రాశాడు. 'మంది ఉన్న ఇల్లు' అని. తండ్రి కోరిక మీద గుడి ఒక్కటీ ఎరుపు రంగుతో వేశాడు. ఎరుపు త్వరగా వెలిసే రంగు. రెండు వానాకాలాలు గడిచేసరికి కొట్టంలో ఆవులు నాలుగయ్యాయి, బోర్డు మీద గుడి మాయమైంది. పిడుగు ఇప్పుడు గుడి తానే పెట్టుకుంటుంది కనుక, ఒకనాడు తాతగారిని గేటు దగ్గరకు లాక్కుపోయి ఆ లోపం చూపింది. వారు బోర్డు చదివారు, కొట్టం వైపు చూశారు, దిద్దడానికి అందులో తప్పేమీ లేదన్నారు.

ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, ఇందులో అచ్చుతప్పులు వెదకినవారికీ ఇంటినిండా మందియు, దొడ్డినిండా మందయు సమకూరుగాక! ఎక్కడ గుడి కట్టవలెనో, ఎక్కడ కట్టరాదో ఆ అక్షరాల తల్లి వారికి తెలియజేయుగాక!